అన్నయ్య అడిగిన గుండ్ల అచ్చు

కోనపాపపేట,
జూన్ నెల, మొదటి వాన పడిన రోజు

చెల్లి రెబ్కాకి,

ఇక్కడ అందరం బాగున్నాం. ఆ ముక్క ముందు రాయకపోతే నువ్వు మిగతా ఉత్తరం సరిగా చదవవు, అందుకని రాసేశాను. ఇక అసలు సంగతి.

నా కుడిచెయ్యి నా మాట వినడం లేదు. నొప్పేమీ లేదు. మణికట్టు దగ్గర వేలాడిపోతోంది. గుప్పిట ముడవమంటే ముడుస్తుంది గాని, చెయ్యి పైకెత్తమంటే ఎత్తదు. మొన్న ఏట్లో విసురు వల విసిరాను. అది విచ్చుకోకుండా ముద్దగా వెళ్ళి పడింది. పక్క దోనెలోంచి వీరరాఘవులు చూసి, "ఏటి అంద్రెయా, బట్టలుతుకుతున్నావా?" అన్నాడు. ఈ తీరంలో వల అల్లినా విసిరినా నా తరవాతే ఎవరైనా అని పేరున్నవాణ్ణి, ఆ మాట పడాల్సి వచ్చింది.

ఊళ్ళో డాక్టరు నరాల బలహీనత అని సూదిమందు పొడుస్తున్నాడు. నాకు తెలిసిన కారణం వేరు. తప్పంతా అచ్చుది. వలకి కట్టే సీసపు గుండ్లు ఇంట్లోనే పోసుకుంటాను కదా, నాన్న నాటి ఆ ఇత్తడి అచ్చు మణుగంత బరువు. ఏళ్ళ తరబడి దాన్ని పటకారుతో పట్టుకుని పట్టుకుని మణికట్టు అరిగిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వకు. ఢిల్లీలో దొరకనిది లేదంటావుగా, తేలిగ్గా ఉండే అచ్చు ఒకటి చూసి పంపు. కర్రపిడి ఉంటే మరీ మంచిది.

ఈ చెయ్యి ఇలాగే ఉంటే నేను వల మానుకోవాలి. వల లేని అంద్రెయ ఎలా ఉంటాడో నాకే తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

బావకీ, మేనకోడలు అక్సాకీ నా దీవెనలు.

మీ అన్నయ్య,
అంద్రెయ

మళ్ళీ ఫోన్ చెయ్యమని రాయకు. నీ ఫోన్లో నాకు గాలి తప్ప మాట వినపడదు.


మయూర్ విహార్, ఢిల్లీ,
జూన్ చివర

అన్నయ్యకు,

చర్చి నుంచి వచ్చి, కూలర్ ముందు కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ వాన కబురే లేదు. మీ వానలో సగం పంపకూడదూ?

నీ అచ్చు కోసం మొన్న సెలవు పెట్టుకుని మెట్రోలో చావడీ బజార్ వెళ్ళాను. మీ బావ కూడా వచ్చారు, సంచి పట్టుకోవడానికని. అక్సా మాత్రం, "మమ్మీ, ఆన్‌లైన్ మే దేఖ్ లో నా" అని, ఫోన్లోనే చూసుకోమని మంచం దిగలేదు. సామాన్ల కొట్టువాడితో, "భయ్యా, సీసం గుండ్లు పోసే సాంచా ఉందా?" అని నా హిందీలో అడిగాను. వాడు నన్ను కిందినుంచి పైదాకా చూసి, గొంతు తగ్గించి, "ఆంటీజీ, బందూక్ కే లియే? లైసెన్స్ హై?" అన్నాడు. మీ బావ ముఖం తెల్లబోయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కదా, రేపు ఆఫీసులో ఏమని చెప్పుకోవాలో అని అక్కడే చెమటలు. "తుపాకీ కాదు నాయనా, చేపల వల" అని నేను చేతులతో వల విసిరి చూపించాక వాడు నవ్వి, టీ తెప్పించాడు. చుట్టూ జనం చేరారు. నీ పుణ్యమా అని చావడీ బజార్లో వల విసిరిన మొదటి నర్సుని నేనే అయ్యుంటాను.

తీరా చూస్తే రకాలు చాలా ఉన్నాయి. ఇనుముది చవక, కానీ తుప్పు పడుతుందట. ఇత్తడిది బరువు, అది నీ దగ్గర ఉన్నదే. అల్యూమినియంది తేలిక, కర్రపిడి కూడా ఉంది. అందులోనూ గుండు ఉత్త గుండుగా వచ్చేది ఒకటి, మధ్యలో గాడి పడేది ఒకటి, నడుమ సన్న ఊచ పెట్టి పోస్తే ఈ కొస నుంచి ఆ కొసకి బెజ్జం పడేది ఒకటి. ఏది కావాలో తెలియక ఉత్తచేతులతో వచ్చాను.

అందుకని అడుగుతున్నాను, విసుక్కోకుండా చెప్పు. గుండు ఎంత ఉండాలి? రేగిపండంతా, ఉసిరికాయంతా? గాడి ఉన్నదా, బెజ్జం ఉన్నదా? నువ్వు సీసం ఎక్కడ కరిగిస్తావు, గుండు తాడుకి ఎలా పట్టిస్తావు? పుట్టింట్లో ఉన్నప్పుడు ఆ పని జరుగుతుంటే నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు, నాకేమీ గుర్తు లేదు.

చెయ్యి సంగతి నాకు నచ్చలేదు. మరెక్కడైనా ఏమైనా తేడా ఉందా? చెల్లెలిగా కాదు, నర్సుగా అడుగుతున్నాను.

నీ రెబ్కా


కోనపాపపేట,
జూలై

చెల్లీ,

నీ ఉత్తరం మీ వదిన మార్తమ్మకి చదివి వినిపించాను. బావ చెమటల దగ్గర అది నవ్వి నవ్వి కూరగిన్నె మాడ్చుకుంది.

గుండు రేగిపండంత చాలు. గాడి ఉండాలి, బెజ్జం వద్దు. బెజ్జం గుండు సోమరివాళ్ళ పని, దారంలోకి పూసలు గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోవడమే. వల అంచు తాడు ఒకచోట తెగితే గుండ్లన్నీ జారి ఏటిపాలు. గాడి గుండు అలా కాదు. తాడుని గాడిలో కూర్చోబెట్టి, పళ్ళ మధ్య పెట్టుకుని ఒక్క కొరుకు కొరికితే గాడి మూసుకుపోతుంది. ఇక వల చిరిగినా గుండు కదలదు. సుత్తితో కొడితే తాడు నలుగుతుంది. పంటి బిగువు తాడుకి తెలియదు, గుండుకి తెలుస్తుంది. నాన్న అలాగే చేసేవాడు. నా వలలో ఏ గుండు తీసి చూసినా నా పన్ను ముద్ర ఉంటుంది, అదే నా సంతకం.

సీసం కరిగించేది వెనక పాకలో. తలుపు వేసేస్తాను, గాలి తగిలితే సీసం అచ్చులోకి దిగకుండానే గట్టిపడి ముక్కలుగా వస్తుంది. పాత బ్యాటరీల సీసం దొరికితే కాస్త పొగ ఎక్కువ. పని మొదలుపెడితే మధ్యలో లేవను, టీ కూడా మార్తమ్మ అక్కడికే తెచ్చిస్తుంది.

తేడాలంటావా, వయసు మీద పడ్డాక ఉండేవే. పొట్ట అప్పుడప్పుడు మెలిపెట్టి, రెండు మూడు రోజులు బిగదీసుకుపోతుంది. నోట్లో ఎప్పుడూ ఇనుప రుచి. మార్తమ్మ పులుసు వండడం మర్చిపోయిందని దాని మీద కేకలేస్తున్నాను, అదేమో నీ నాలుకే చెడిందని నా మీద. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మధ్యలో ఆ కూరగిన్నెలు సొట్టలు పోతున్నాయి.

అచ్చు అల్యూమినియందే పంపు. గాడి ఉన్నది. మర్చిపోకు.

మీ అన్నయ్య,
అంద్రెయ


మయూర్ విహార్,
జూలై

అన్నయ్యా,

నిన్న ఫోన్ చేస్తే సగంలో కసిరి పెట్టేశావు. అందుకని రాస్తున్నాను. ఇది పెట్టేయడానికి వీలుండదు.

నీ ఉత్తరం డ్యూటీకి వెళ్తూ మెట్రోలో చదివాను. "ఒక్క కొరుకు కొరికితే" దగ్గర ఆగిపోయాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. అప్పటిదాకా నీ చెయ్యి గురించి భయపడ్డాను, ఆ తరవాత నీ మొత్తం మనిషి గురించి భయపడ్డాను.

తప్పు అచ్చుది కాదు, సీసానిది. సీసం విషం అన్నయ్యా. తలుపేసిన పాకలో దాని పొగ పీలుస్తున్నావు, పళ్ళతో కొరికి దాన్ని మింగుతున్నావు, ఆ చేతులతోనే టీ తాగుతున్నావు. అది ఒక్కరోజులో చంపదు, కొద్దికొద్దిగా నెత్తుట్లోనూ ఎముకల్లోనూ చేరుతుంది. పొట్ట మెలిపెట్టడం, బిగదీయడం, నోట్లో ఇనుప రుచి, మణికట్టు వేలాడటం, ఇవి నాలుగు జబ్బులు కావు, ఒకటే. మా వార్డు డాక్టరుగారికి చెప్తే ఆయనా అదే అన్నారు. ముందుగా కనిపెడితే, సీసం మానేసి మందు వాడితే, చెయ్యి చాలామటుకు తిరిగి వస్తుందట. ఆలస్యం చేస్తే రాదు.

అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూసుకో. పళ్ళ మొదట్లో చిగుళ్ళ మీద నీలంగా, నల్లగా సన్నటి గీత ఉందేమో చూడు. కాకినాడ వెళ్ళి నెత్తుట్లో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకో. ఏ పరీక్ష అడగాలో విడిగా చీటీ మీద ఇంగ్లీషులో రాసి పెడుతున్నాను.

ఆ రిపోర్టు చూసేదాకా అచ్చు పంపను. అడగొద్దు కూడా.

రెబ్కా


కోనపాపపేట,
ఆగస్టు

రెబ్కాకి,

అచ్చు అడిగితే చావు కబురు పంపావు.

మూడు తరాలుగా తింటున్న కూడు ఇది. ఈ సీసం గుండ్లే నిన్ను నర్సింగ్ చదివించాయి, ఢిల్లీ రైలెక్కించాయి. ఇప్పుడు అదే విషమంటున్నావు. ఊరందరూ కొరుకుతారు, ఊరందరికీ చేతులు వేలాడుతున్నాయా? నాన్నకీ చివరి రోజుల్లో ఇలాగే కుడిచెయ్యి వేలాడింది, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు తెలియదు. పొట్ట పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు. అది మన వంశంలో ఉన్నది. దేవుడిచ్చిన దానికి నెత్తురు తీయించుకుంటే పోతుందా?

నీకు అచ్చు పంపే మనసు లేకపోతే లేదని చెప్పు. పాత అచ్చుతోనే పోసుకుంటాను. ఎడమచెయ్యి ఇంకా ఉంది.

అంద్రెయ

రెబ్కా, నేను మార్తమ్మని. పోస్టులో వెయ్యమని నాకిచ్చి వెళ్ళాడు, అంటించేముందు ఈ రెండు ముక్కలు రాస్తున్నాను. నిద్రపోతున్నప్పుడు పెదవి ఎత్తి చూశాను. గీత ఉంది. కాటుకతో గీసినట్టుంది. నాకు భయంగా ఉంది. నేను చెప్తే వినడు, నువ్వు వదలకు.


మయూర్ విహార్,
ఆగస్టు

అన్నయ్యా,

నాన్న సంగతి నాకెవ్వరూ చెప్పలేదు. పక్షవాతం అన్నారు, నమ్మాను. నీ ఉత్తరంలో ఆ వాక్యం చదివి వంటగదిలో నిలబడి ఏడ్చాను. అక్సా పరుగెత్తుకొచ్చి, "క్యా హువా మమ్మీ?" అని పట్టుకుంది. ఏం చెప్పను? తాతయ్యకి ఏమైందో ఇన్నాళ్ళకి తెలిసిందని చెప్పాను.

అది వంశం కాదు అన్నయ్యా. వంశమైతే నాకూ రావాలి. నాన్న కొరికాడు, నువ్వు కొరికావు, నన్ను ఆడపిల్లనని పాక గుమ్మం తొక్కనివ్వలేదు. అంతే తేడా. నాన్న చెయ్యి వేలాడినప్పుడు చెప్పడానికి ఇంట్లో నర్సు లేదు. ఇప్పుడు ఉంది. ఆ సీసమే నన్ను చదివించిందని నువ్వే అన్నావు. మరి చదివించినందుకైనా ఒక్కమాట విను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, నీతో బలాబలాలు చూసుకునే ఓపిక నాకు లేదు. బేరం పెడుతున్నాను. నిన్న మళ్ళీ చావడీ బజార్ వెళ్ళి అచ్చు కొన్నాను. అల్యూమినియంది, కర్రపిడిది, రేగిపండంత గుండ్లు పడేది. అయితే గాడి ఉన్నది కాదు, బెజ్జం ఉన్నది. అది సోమరి పనే కావచ్చు, దానికి నీ పళ్ళతో పనిలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను. నువ్వు రిపోర్టు పంపు, నేను అచ్చు పంపుతాను. ఆ రిపోర్టులో ఏమున్నా సరే పంపుతాను, మాట ఇస్తున్నాను. మాట తప్పితే నీ చెల్లెల్ని కాదు.

అంతవరకూ ఆ పాత అచ్చు ముట్టుకోకు. ఇది బేరంలో భాగం కాదు, బతిమాలుకోవడం.

నీ రెబ్కా


కోనపాపపేట,
అక్టోబరు

చెల్లీ,

రిపోర్టు ఇందులో ఉంది. నువ్వే చదువుకో, ఆ అంకెలు నాకు అర్థం కావు. కాకినాడలో డాక్టరుకి అర్థమయ్యాయి. చీటీ చూసి మొదట, "ఎవరు రాశారిది?" అన్నాడు. మా చెల్లెలు, ఢిల్లీలో పెద్ద నర్సు అన్నాను. రిపోర్టు వచ్చాక మళ్ళీ పిలిచి, "మీ చెల్లెలికి దణ్ణం పెట్టుకో పెద్దాయనా" అన్నాడు. పెట్టుకోలేదు. చెయ్యి లేవడం లేదు కదా.

ఆసుపత్రిలో ఉంచి మందు ఎక్కించారు. ఇంకోసారి రమ్మన్నారు. మార్తమ్మ నెత్తురు కూడా తీశారు, దానిలోనూ ఉందట గాని మందు అక్కర్లేనంత. అది తెలిశాక నాకు తిండి సయించలేదు. పాక పక్కనే వంట చేసుకుంటూ, నాకు టీ మోసుకొచ్చినందుకు దానికీ అంటించాను. నేను చచ్చినా ఫర్వాలేదని మొండికేశాను గాని, అది కూడా నాతో వస్తోందని నాకు తోచలేదు.

పాక తలుపు తీయించి, లోపల బూడిదంతా ఎత్తించి, నేల కడిగించాను. డాక్టరు చెప్పినట్టు తడిగుడ్డతోనే.

పొట్ట ఇప్పుడు కుదుటపడింది. పులుసు పులుసులాగే ఉంటోంది. ఒప్పుకున్నానని మార్తమ్మకి చెప్పకు. చెయ్యి మాత్రం అలాగే ఉంది. డాక్టరు నెలలు పడుతుందన్నాడు. వస్తుందా అని అడిగితే, "రావాలనే చూద్దాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను.

నా వంతు అయింది. ఇక నీ వంతు. అచ్చు పంపు.

అంద్రెయ


మయూర్ విహార్,
నవంబరు

అన్నయ్యా,

అచ్చు స్పీడుపోస్టులో వేశాను. కొరియర్‌ వాళ్ళు ఇందులో ఏముందంటూ "ఇస్ మే క్యా హై?" అన్నారని పోస్టాఫీసుకి మార్చాను. ఇంకోసారి తుపాకీ ఆంటీ అనిపించుకోవడం నా వల్ల కాదు.

నిజం చెప్పాలంటే మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాను. "నర్సువై ఉండి విషం పోసే గిన్నె పంపుతావా?" అని మీ బావ కూడా అడిగారు. మాట ఇచ్చాను కదా అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నేను పంపకపోతే నువ్వు పాతదానితో పోసుకుంటావేమోనని భయం. పంపితే దీనితో పోస్తావని భయం. రెండు భయాల్లో నిన్ను నమ్మి పడే భయమే మేలనిపించింది.

దొంగతనంగా చేయించడం కంటే చెప్పి చేయించడం నయం కాబట్టి చెప్తున్నాను. పోస్తే బయట, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకుని, ఆ బట్టలు ఇంట్లోకి తేకుండా. ఉత్తినే గుడ్డ కట్టుకుంటే చాలదు. ఇవన్నీ పాటించినా నీ ఒంట్లో ఇప్పటికే ఉన్నదానికి అది మళ్ళీ కలుస్తుంది. అప్పుడు ఆ చెయ్యి ఇక రాదు. బజార్లో దొరికే గుండ్లు కొనుక్కోమంటే నీకు చిన్నతనమని తెలుసు, అయినా అంటున్నాను.

ఇక్కడ పొగ మొదలైంది. కిటికీలు మూసుకుని కూర్చుంటున్నాం. గాలి గురించి నీకు ఉపదేశాలు చేస్తున్నది ఢిల్లీ మనిషని నవ్వుకో.

నాకు నీ చెయ్యి కావాలి అన్నయ్యా. వల కోసం కాదు. నాకు కావాలి, అంతే.

రెబ్కా


కోనపాపపేట,
ఫిబ్రవరి

చెల్లీ,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. రాయడానికి ఏదైనా జరగాలని ఆగాను.

నీ అచ్చు అందింది. ముచ్చటగా ఉంది, ఈకంత తేలిక. పిడి పట్టుకుంటే పనిలోకి దిగాలని వేళ్ళు తహతహలాడాయి. దాచను, పెరట్లో బొగ్గులు కూడా పేర్చాను. అగ్గిపుల్ల గీయబోతుంటే మార్తమ్మ వచ్చి అచ్చు నా చేతిలోంచి లాక్కుంది. ఏటి గట్టు నుంచి బంకమట్టి తట్టతో తెచ్చుకుని, అచ్చుకి నూనె రాసి, మట్టి కూరి, నొక్కి, ఊచ లాగి, విప్పింది. రేగిపండంత మట్టిగుండు, నడుమ బెజ్జం. అరచేతిలో పెట్టి నాకు చూపించి, "దీన్ని ఎంత కొరుక్కుంటావో కొరుక్కో" అంది.

నవ్వాను. మట్టిగుండుతో వల మునుగుతుందటే పిచ్చిదానా అన్నాను. ఎండలో పెడితే మొదటి వాయి అంతా పగిలింది, నాకు లోపల్లోపల సంతోషమే. అది వదల్లేదు. సన్న ఇసుక కలిపింది, నీడలో ఆరబెట్టింది, పిఠాపురం దారిలో కుమ్మరి గోవిందరాజులు ఆవంలో పెట్టి కాల్పించింది. ఈసారి రాయిలా వచ్చాయి. అప్పటికి నాకూ పట్టుదల పుట్టింది. సీసమంత బరువు లేవు కాబట్టి దగ్గర దగ్గరగా గుచ్చాలి, కన్ను చిన్నదిగా వల అల్లాలి, పోటు లేని చోట విసరాలి. అల్లుతూ కూర్చున్నాను. ఎడమచేత్తో మొదలుపెట్టాను. కుడిచెయ్యి ఊరికే తాడు పట్టుకోవడానికి ఆసరాగా వచ్చేది. వస్తూ వస్తూ ఒకరోజు వల అల్లే కండె అందుకుంది. నేను అందుకోమనలేదు.

డాక్టరు చూసి బాగుందన్నాడు. పూర్తిగా రాలేదు చెల్లీ. మణికట్టు సగం లేస్తుంది, ఆ తరవాత వణుకుతుంది. నెత్తుట్లో సీసం బాగా దిగిందట, రిపోర్టు పెడుతున్నాను. ఇంకా దిగుతుంది, ఇంకా లేస్తుంది అన్నాడు.

నేనిప్పుడు ఊళ్ళో కనపడ్డ వలవాడినల్లా ఆపి పెదవి ఎత్తి చూస్తున్నాను. నన్ను చూస్తే నోరు మూసుకుని పక్కదారి పడుతున్నారు. వీరరాఘవులు మాత్రం తనంతట తనే వచ్చి నోరు తెరిచాడు. గీత ఉంది. రేపు కాకినాడ తీసుకెళ్తున్నాను, నీ చీటీ పాతదే ఉంది నా దగ్గర.

నిన్న పొద్దున్నే మార్తమ్మా నేనూ ఏటికి వెళ్ళాం. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. వల భుజాన వేసుకుని మోకాలి లోతులో నిలబడ్డాను. భయం వేసింది. మళ్ళీ ముద్దగా పడితే ఏం చెయ్యను అని చాలాసేపు నిలబడిపోయాను. ఆఖరికి విసిరాను.

విచ్చుకుంది రెబ్కా. మునుపటంత వెడల్పు కాదు, ఒక పక్క కాస్త ముడత పడింది, కానీ విచ్చుకుంది. మట్టిగుండ్లన్నీ ఒక్కసారిగా నీళ్ళ మీద పడి, సీసంలా గభాలున కాకుండా, మెల్లగా దిగాయి. నేను వల సంగతి మరిచిపోయి, గాల్లోనే నిలిచి ఉన్న నా చెయ్యి వంక చూస్తూ నిలబడ్డాను.

గట్టు మీంచి మార్తమ్మ అరిచింది. "ఏటయ్యా అలా సూత్తన్నావు, సేపలు పోతన్నాయి, లాగు!"

లాగాను.

మీ అన్నయ్య,
అంద్రెయ